పక్క మంచం చిన్నమ్మ

శుక్రవారం పొద్దున ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా నాచారం హోమ్ నుంచి ఇన్‌చార్జి సిస్టర్ ఫోన్ చేసింది. "మీ అమ్మగారి పక్క మంచం ఆమె పోయిందమ్మా. నిన్న దవాఖానాల. నిమ్ము చేసిందన్నరు. మీకు చెప్పాలె గదా అని చేసిన," అంది. మెట్రో స్తంభాల కోసం తవ్వుతున్న రొదలో నాకు సగమే వినిపించింది. మళ్ళీ చెప్పించుకున్నాను. తర్వాత బస్సు వచ్చింది, ఎక్కాను, ఆఫీసుకు వెళ్ళాను, మధ్యాహ్నం దాకా పని కూడా చేశాను. డబ్బా విప్పి అన్నం కలుపుకుంటూ ఉంటే ఏడుపొచ్చింది. పక్క సీటు అమ్మాయి కంగారుపడి, "ఎవరు మేడమ్, దగ్గరి చుట్టాలా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను, మళ్ళీ నిలువుగా ఊపాను.

మా అమ్మ పక్క మంచం ఆవిడ అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? నిజానికి ఆవిడ మా అమ్మ కంటే చాలా ముందే ఆ గదిలో చేరింది. న్యాయంగా మా అమ్మే ఆవిడ పక్క మంచం. నేను మాత్రం ఆ న్యాయం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

పోయినవాళ్ళను తలుచుకునేటప్పుడు నాలుగు మంచి మాటలతో మొదలుపెట్టడం మర్యాద. మర్యాద నాకూ తెలుసు. కానీ ఆవిడ గురించి ఉన్నదున్నట్టు రాయాలంటే కుళ్ళుతో మొదలుపెట్టాలి, ఆవిడను ఎరిగిన ఇన్నేళ్ళలో నాకు అన్నిటికంటే ఎక్కువగా కలిగింది అదే కాబట్టి. మా అమ్మకు నేనొక్కదాన్నే కూతుర్ని. అక్కచెల్లెళ్ళు లేరు, అన్నదమ్ములు లేరు. అమ్మను ఎవరితోనైనా పంచుకోవడమనే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. తల నెరిసిన తర్వాత, నాచారంలో ఒక సందులో, ఇనుప మంచాల గదిలో నాకు ఆ అలవాటు చేయబోయారు. నేను ఊరుకుంటానా?

మా అమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయితే చేశారు కానీ చిల్కానగర్‌లో మా ఫ్లాటు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆయనది ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. నాది పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కుర్చీ వదలని ఉద్యోగం. అమ్మను లేపి కూర్చోబెట్టేవాళ్ళు, వేళకు మందులు వేసేవాళ్ళు కావాలి. నడక వచ్చేదాకా అనుకుని హోమ్‌లో చేర్చాం. నడక సగమే వచ్చింది. అమ్మ అక్కడే ఉండిపోయింది.

హోమ్ అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. రెండంతస్తుల మామూలు ఇల్లు. గుమ్మాల దగ్గర సిమెంటుతో వాలు కట్టి, బాత్రూముల్లో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించి, గదికి రెండు మంచాలు వేశారు. అమ్మను దింపిన రోజు నేను దుప్పటి పరుస్తుంటే పక్క మంచం మీద నుంచి కంచు గొంతు ఒకటి ఆయాను కేకేసింది. "ఓ పిల్లా, దూపయితున్నది, జర సూడు!"

మాది గుంటూరు వైపు. అమ్మ ఆవిడ తలగడ పక్కన ఉన్న బైబిలు వంక చూసింది, గోడమీది సిలువ వంక చూసింది, నా చెవిలో, "వీళ్ళు కూడా ధూపం వేసుకుంటారటే?" అంది. తర్వాత మర్యాదగా ఆవిడ వైపు తిరిగి, "మా అమ్మాయి సంచిలో అగరొత్తులున్నాయండీ, రెండు వెలిగించమంటారా?" అని అడిగింది. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో అక్కా! దూప అంటే నీళ్ళక్కా! నీళ్ళు తాగబుద్ధయితున్నదని!" మా అమ్మ కూడా నవ్వడం మొదలుపెట్టింది. కుట్లు లాగుతున్నాయి అంటూనే నవ్వింది. ఆపరేషన్ తర్వాత అమ్మ నవ్వడం అదే మొదటిసారి. అన్ని రోజులు నేను పక్కన కూర్చుని చెప్పిన కబుర్లకు రాని నవ్వు అది.

జనగామ దగ్గరి పల్లె ఆవిడది. పెళ్ళి చేసుకోలేదు. బతుకంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసింది. మోకాళ్ళు పూర్తిగా పట్టేసి, ఒకరు పట్టుకుంటే తప్ప లేవలేని స్థితిలో తమ్ముడి కొడుకు తెచ్చి ఇక్కడ చేర్చాడు. లేవలేకపోతే ఏం, ఆ మంచం మీద నుంచే హోమ్ మొత్తానికీ వార్డెన్‌గిరీ చేసేది. ఆయా నేల తుడవడం మొదలుపెట్టగానే "తడి! తడి ఉన్నది! ఎవలు రాకున్రి!" అని హాలు దాకా వినిపించేలా అరిచేది. నేల ఆరేదాకా ఆపేది కాదు. నేను గుమ్మంలో ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టి నిలబడాల్సి వచ్చేది. పప్పు ముందుగా తనకే తెమ్మని రుచి చూసేది. మంచం పక్క కడ్డీ సరిగా పడిందో లేదో ఊపి చూడమనేది. ఏ అవసరమూ లేకుండా పిలుపు గంట నొక్కేది. ఆయా పరుగెత్తుకొచ్చి "ఏందమ్మా?" అంటే "ఏం లేదు. మోగుతదో లేదో సూస్తున్న. అవసరం పడ్డనాడు సూసుకుంటే ఏం ఫాయిదా?" అనేది. ఆయాలు ఆమెకు చాటుగా ఏమేం పేర్లు పెట్టుకున్నారో నాకు తెలుసు. ఆ పేర్లు విన్నప్పుడు నాకు లోలోపల హాయిగా ఉండేదని కూడా చెప్పాలి.

మా అమ్మను అక్కా అంటుంది కాబట్టి వరసకు తనను చిన్నమ్మా అనమని నాతో చెప్పింది. మా వైపు మాటలో పిన్ని అన్నమాట. నేను ఆంటీ అన్నాను. "ఆంటీ ఏంది? పాలపాకీట్లు ఏసే పిలగాడు అంటడు ఆంటీ అని. నువ్వు చిన్నమ్మా అను," అంది. "అలాగే ఆంటీ," అన్నాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆంటీ అనే పిలిచాను. ఈ కాగితం మీద చిన్నమ్మ అంటున్నాను. వినడానికి ఆవిడ లేదు కాబట్టి నా పంతానికి వచ్చిన నష్టమేమీ లేదు.

ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు ఉప్పల్ దాటడమే గగనం, అయినా వెళ్ళేదాన్ని. నేను గుమ్మంలోకి వచ్చేసరికి వాళ్ళిద్దరి మాటలు టక్కున ఆగిపోయేవి. "ఏమిటమ్మా మాట్లాడుకుంటున్నారు?" అంటే "ఏముంటాయే, ముసలాళ్ళ కబుర్లు," అని అమ్మ నవ్వేది. ఆవిడ కూడా నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. నేను తీసుకెళ్ళిన సున్నుండలు అమ్మ ముందుగా అటు మంచానికి పంపేది. నా కళ్ళెదుటే మా అమ్మ పలుకు కూడా మారింది. "పైలంగా వెళ్ళు," అంది ఒక సాయంత్రం. జాగ్రత్త అనేది నా చిన్నప్పటి నుంచీ. ఆటోలో కూర్చుని ఆ మాట తలుచుకుంటూ ఇంటి దాకా ముఖం మాడ్చుకునే ఉన్నాను.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. టీవీలో రోజూ అదే. చిన్నమ్మ జై అనేది, మా అమ్మ "ఎవరి ఊరు వాళ్ళకు ముద్దు కదమ్మా," అనేది. అంతే, ఇద్దరూ మళ్ళీ కలిసి టీ తాగేవాళ్ళు. నన్ను ఏడిపించడానికి మాత్రం చిన్నమ్మకు అదొక వంక దొరికింది. "రాష్ట్రం రెండైతే ఇగ నువ్వు ఏ దిక్కన్న పో. మీ అమ్మ మా దిక్కే. హైద్రాబాద్ తోని ఆమెను గూడ మాకే రాసియ్యాలె." అందరూ నవ్వారు. అమ్మ కూడా.

ఒకసారి బంద్‌ల వల్ల వరసగా రెండు ఆదివారాలు వెళ్ళలేకపోయాను. వరంగల్ రోడ్డు మీద బండి కదలడం లేదు. ఆ తర్వాత వెళ్ళి చూస్తే మా అమ్మ మా అమ్మలా లేదు. కళ్ళు సగం మూసుకుని ఉంది. పెదాలు పొలుసులు కట్టాయి. నన్ను పట్టుకుని ఎప్పుడో పోయిన మా పెద్దమ్మ పేరు పెట్టి పిలిచింది. ఇన్‌చార్జి సిస్టర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్ద వయసు గదమ్మా. ఇగ గిట్లనే ఉంటది. మనసు గట్టి చేసుకోవాలె," అంది. చెడ్డమనిషి కాదు, నిజంగానే అలా అనుకుంది. నేను కూడా అలాగే అనుకున్నాను.

"వయసు గాదు, ఏం గాదు," అంది పక్క మంచం. "ఒంట్ల నీళ్ళు లేవు. సాయంత్రమైతే నీళ్ళు తాపుతలేరు."

బంద్‌ల మూలాన ఆయాలు సగం మంది రావడం లేదట. వచ్చినవాళ్ళకు చేతుల నిండా పని. సాయంత్రం నీళ్ళు తాగిస్తే పక్క తడుస్తుంది, దుప్పట్లు మార్చాలి. నీళ్ళు ఇవ్వొద్దని ఎవరూ చెప్పలేదు. నీళ్ళ జగ్గు మాత్రం కిటికీ గట్టు మీదికి చేరింది. "ఆమెకు అందది, నాకు అందది. నేనైతే ఒర్రిన. రోజూ ఒర్రేదాన్నే గదా, నా ఒర్రుడు ఎవలింటరు? నీ గొంతు కొత్త. పొయ్యి నువ్వు ఒర్రు," అంది చిన్నమ్మ. ఆవిడ గొంతు నిజంగానే బొంగురుపోయి ఉంది.

వెళ్ళి ఒర్రాను. ఆఫీసు గదిలో నేను ఏమేమి అన్నానో నాకే గుర్తులేదు. డాక్టరు వచ్చాడు, నాలుక చూశాడు, చేతి మీది చర్మం పట్టి చూశాడు, వెంటనే సెలైను పెట్టించాడు. మర్నాడు సెలవు పెట్టి అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాను. సాయంత్రానికి అమ్మ కళ్ళు తెరిచింది. పెదాలు కదిపింది. నేను వంగి చెవి దగ్గర పెట్టాను.

"దూప," అంది.

పుట్టినప్పటి నుంచీ దాహం అన్న మనిషి. అది కూడా నా వంక చూసి అనలేదు. నా భుజం మీదుగా పక్క మంచం వైపు చూసి అంది. అమ్మ బతికిందన్న సంతోషంలో సగం ఆ చూపు దగ్గరే ఆవిరైపోయింది. చెంచాతో నీళ్ళు పడుతుంటే వెనక నుంచి, "తల లేపి తాపు బిడ్డా, మెల్లగ, పొరబోతది," అని వినిపించింది. "నాకు తెలుసు ఆంటీ," అన్నాను. నాకు నిజంగానే తెలుసు. అయినా ఆవిడ చెప్పాకే తల ఇంకాస్త పైకెత్తాను.

ఆ తర్వాత జగ్గు కిటికీ మీద నుంచి దిగి, రెండు మంచాల మధ్య స్టూలు మీదికి వచ్చింది. సాయంత్రం టీతో పాటు ప్రతి గదిలో నీళ్ళు తాగించాలని సిస్టర్ ఆయాలందరినీ నిలబెట్టి చెప్పింది. నన్ను పక్కకు పిలిచి, "చేతులు తక్కువున్నయమ్మా, ఎంతని సూడగలం? మీరు వస్తుండున్రి, అదే మాకు గుర్తు చేస్తది," అంది. అదే సంగతి చిన్నమ్మ తన ధోరణిలో చెప్పింది. "ఎవలన్న వస్తరని ఎరుకైతే ఆ మంచం దుప్పటి ముందుగాల మారుస్తరు. ఎవలు రాని మంచానిది సాయంత్రం దాక ఆగుతది. హాస్టల్ల గూడ గంతే. తల్లిదండ్రులు వచ్చే పిల్లల జడలే ముందేసేది."

నాకు మాత్రం ఆ హోమ్ మీద నమ్మకం పోయింది. మేడిపల్లిలో కొత్తగా పెట్టిన ఇంకో హోమ్ చూసి వచ్చాను. లిఫ్టు ఉంది, నర్సులు ఎక్కువమంది ఉన్నారు, అందరికీ చేతికందేంత దూరంలో గంటలు ఉన్నాయి. అక్కడ అమ్మ పక్కన ఇంకెవరో ఉంటారు అన్నది కూడా నాకు బాగానే నచ్చింది. అన్నీ మాట్లాడుకుని, బట్టలు సర్ది, వచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ శాంతంగా విని, "ఆవిడ కూడా వస్తుందా?" అంది.

"ఆవిడ ఎందుకొస్తుందమ్మా? ఆవిడ నీకేమవుతుంది?"

"అయితే నేనూ రాను."

విచిత్రమేమిటంటే చిన్నమ్మ నా పక్షం మాట్లాడింది. "పో అక్కా. మంచి జాగంటున్నది. లిఫ్టున్నదట. నేనేం మునిగిపోత?" అని గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ నన్ను గుడ్లురిమి చూసి, "చూశావా, ఏడిపించావు దాన్ని," అంది. ఆ దాన్ని అన్న మాట వినండి. అమ్మ అంత చనువుగా అది, ఇది అనేది ప్రపంచంలో నన్నొక్కదాన్నే. సర్దిన సంచి పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాను. నా తరఫున వాదించి కూడా ఆవిడే గెలిచింది. మళ్ళీ బట్టలు తీసి అలమరాలో పెట్టి ఇంటికి వచ్చాను.

అమ్మ ఆ గదిలోనే పోయింది. చలికాలంలో ఒక పొద్దున, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి. నాకు ఫోన్ వచ్చేసరికి ఇంట్లో వంట చేస్తున్నాను. నేను వెళ్ళేటప్పటికి చిన్నమ్మ తన మంచం అంచుకు జరిగి, చెయ్యి చాపి, అమ్మ వేళ్ళు పట్టుకుని ఉంది. నన్ను చూసి కూడా వదల్లేదు. కన్నకూతుర్ని, నేను వచ్చానంటే ఆవిడ తప్పుకోవద్దూ? నేను అమ్మ రెండో చెయ్యి పట్టుకున్నాను. "ఏమైనా అందా?" అని అడిగాను. "మస్తు చెప్పింది బిడ్డా, ఇన్నేండ్లల్ల. ఇప్పుడు గాదు. దినాలు అయినంక రా," అంది.

అక్కడ మొదలైంది. మా అమ్మ చివరి ఏళ్ళన్నీ ఆవిడ దగ్గర ఉండిపోయాయి. ఆదివారం గంటసేపు వచ్చిపోయిన నాకు మిగిలింది నేను తెచ్చిన సున్నుండల డబ్బా, ఒక శాలువా. మిగతా అమ్మ కావాలంటే ఆవిడనే అడగాలి. అడగక తప్పలేదు. ఆవిడేమో ఆదివారానికి ఒక్కటే చెప్పేది.

అది కూడా ఊరికే కాదు. "ముందుగాల బాత్రూముల కడ్డీ ఊపి సూడు, వదులైందేమో. గా గంట నొక్కు. జగ్గుల నీళ్ళు ఎప్పటియో సూడు. గామెకు తాపు." ఆ గామె ఎవరంటే మా అమ్మ మంచంలోకి వచ్చిన కొత్తావిడ. ఉప్పల్ మార్కెట్లో కిరాణా దుకాణం నడిపిన ఇంటావిడ, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, అప్పటికి మాట కూడా సరిగా రావడం లేదు. తల లేపి నీళ్ళు పట్టేదాన్ని కానీ ముఖం వంక చూసేదాన్ని కాదు. మా అమ్మ పడుకున్న చోట పడుకుంది కదా అని ఆవిడ మీద కూడా నాకు గుర్రుగానే ఉండేది.

పనులన్నీ అయ్యాక చిన్నమ్మ కథ విప్పేది. మొదటి ఆదివారం చెప్పింది ఇది. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారిని నేను అమ్మా అని పిలుస్తున్నానని తెలిసి, అమ్మకు కడుపు మండిపోయిందట. మోకాళ్ళ నొప్పని సాకు చెప్పి నెల రోజులు మా ఇంటి గడప తొక్కలేదట. "నిజంగనే నొప్పి ఉండెనా అక్కా అని నేనే అడిగిన. ఎహె, కుళ్ళు చెల్లీ అన్నది," అని చిన్నమ్మ పడీ పడీ నవ్వింది. "నువ్వు ఎవల బిడ్డవో అడగాల్సిన పని లేదు. నన్ను సూసే సూపుల్నే ఉన్నది." నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా. ఇంకో వారం వంకాయ కూర సంగతి చెప్పింది. వంకాయ తింటే అమ్మకు నోరంతా దురదట. నాకు ఇష్టమని జన్మంతా వండింది, తానూ తిన్నది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి వంకాయలు తరగబోయి పక్కన పెట్టేశాను.

తర్వాతి వారాల్లో వచ్చినవి అమ్మ చిన్నతనం కథలు. వాటిలో రేగుపళ్ళ కథ నన్ను నిద్రపోనివ్వలేదు. అమ్మ పెళ్ళికి ముందు, వీధి కిటికీ గట్టు మీద పొద్దున్నే ఎవరో దోసెడు రేగుపళ్ళు పెట్టి వెళ్ళేవాడట. సీజన్ అయ్యేదాకా రోజూ. ఎవరో అమ్మ చూడలేదట. "సూస్తే మల్ల పెట్టడేమోనని సూడలేదట," అంది చిన్నమ్మ. మా అమ్మకు! ఎప్పుడూ తల వంచుకుని చారు కాచుకునే మా అమ్మకు! నాతో ఒక్క ముక్క చెప్పలేదు, ఈవిడతో చెప్పింది. ఉక్రోషం ఆపుకోలేక, "మా అమ్మమ్మ గారింటికి వీధి వైపు కిటికీ లేదు," అన్నాను.

"ఉండె. నువ్వు పుట్టకముందు ఉండె," అంది ఆవిడ తొణక్కుండా.

ఒకనాడు ఇక ఓపిక పట్టలేక, "అన్నీ ఒక్కసారే చెప్పేయొచ్చు కదా ఆంటీ, నన్నెందుకు ఇలా తిప్పుకుంటారు?" అని గట్టిగానే అడిగాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "అన్ని చెప్తే మల్ల వస్తవా? నా తమ్ముని కొడుకు పండుగకొక్కసారి వస్తడు. ఈమెకు వచ్చేటోళ్ళే లేరు. నువ్వొస్తున్నవని ఈ గదిల నీళ్ళు నిండుతున్నయి, దుప్పట్లు మారుతున్నయి. గందుకే," అంది. అంటే నన్ను కాపలాకు పెట్టుకుందన్నమాట, మా అమ్మను ఎరగా వేసి! ఆ వారం మానేద్దామనే అనుకున్నాను. ఆదివారం వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే నాచారం బస్సు ఎక్కాయి. ఇప్పుడు తలుచుకుంటే అంత తెలివిగా, అంత సూటిగా నన్ను వాడుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ ఆదివారాలే లేకపోతే అమ్మ పోయిన ఏడాది నేను ఎలా గడిపేదాన్నో నాకు తెలియదు. ఆ సంగతి ఆవిడతో అనలేదు. అని ఉంటే "చిన్నమ్మా అను ముందు," అనేది.

రాష్ట్రం వచ్చింది. వీధిలో పటాకులు పేలుతుంటే మంచంలో లేచి కూర్చుని చప్పట్లు కొట్టిందని ఆయా చెప్పింది. తర్వాతి ఆదివారం నన్ను చూడగానే, "మీ అమ్మ ఇటే ఉన్నది సూసినవా, మాటంటే మాటే," అంది. ఆ వానాకాలంలోనే దగ్గు పట్టుకుంది.

సమాధి చేసిన రోజు వెళ్ళాను. పాస్టరు గారు ప్రార్థన చేశారు, తమ్ముడి కొడుకు తలవంచుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు ఆవిడ హాస్టల్లో చదివిన ఆడవాళ్ళు కొందరు పిల్లలను చంకనేసుకుని వచ్చారు. వార్డెనమ్మా అంటూ ఏడుస్తూ ఏదో గుర్తు చేసుకుని మధ్యలో నవ్వుకున్నారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. అడుగుదామని దగ్గరికి వెళ్ళేసరికి మాటలు ఆపేశారు.

ఆదివారం ఇంట్లో ఉండలేకపోయాను. అక్కడ నాకిప్పుడు ఎవరూ లేరని తెలుసు, అయినా వెళ్ళాను. చిన్నమ్మ మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. అలవాటు కొద్దీ కడ్డీ ఊపి చూశాను, గంట నొక్కాను, కొత్తావిడకు తల లేపి నీళ్ళు పట్టాను. తాగి, బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుంది. మాట ఈమధ్య కొంచెం కొంచెం కూడుతోంది.

"మీ అమ్మవి... ఎన్నడో ఒడిసినయి," అంది.

"ఏమిటి అయిపోయాయి?"

"కథలు. గా వంకాయ దగ్గర్నే ఒడిసినయట. నువ్వు... మీ అమ్మయి అంటేనే ఇంటవు. గందుకు... తనయి చెప్పింది. మీ అమ్మ పేరు మీద."

వీధి వైపు కిటికీ మా అమ్మమ్మ గారింటికి లేదు. నాకు ముందే తెలుసు.

"రేగుపళ్ళు?" అన్నాను.

"ఆమెయే."

"మీకెలా తెలుసు?"

"నాకు... పొద్దుగూకినంక రోజూ చెప్తుండె. నాకు... తన పేరు మీదనే చెప్తుండె."

పాపం, ఆ మాట మామూలుగానే అంది. నాకు మాత్రం పాత మంట భగ్గుమంది. మా అమ్మను అడ్డు పెట్టుకుని నాకు చెప్పినవన్నీ ఈ మనిషికి సూటిగా చెప్పుకుంది. రోజూ. ఎవరీవిడ? నిన్నగాక మొన్న వచ్చింది. నేను ఎన్నేళ్ళ నుంచి వస్తున్నాను! "ఎవరో చూడలేదంది కదా, ఆ రేగుపళ్ళు పెట్టినతన్ని," అన్నాను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

కొత్తావిడ పెదవి ఒక పక్కే నవ్వింది. "నీకు... సూడలేదని చెప్పిందా?" అంది. "నాకైతే... సూసిన అన్నది."

"ఎవరట?"

నా గొంతులోని కుళ్ళు నాకే వినిపించింది. ఈసారి అది అమ్మ కోసం కాదు, చిన్నమ్మ కోసం. ఆవిడ బాగున్న చేత్తో పడిపోయిన కాలిని పట్టుకుని, మెల్లగా గోడవైపు జరుపుకుంది. మంచం అంచున ఒక మనిషి కూర్చునేంత చోటు అయింది. అక్కడ దుప్పటి ముడతను అరచేత్తో సాపు చేసి, "కూసో," అంది.